బాపు మాట, తీగ లేని ఆట

మా ఇంట్లో మాట ఇచ్చేది బాపు, దాన్ని మోసేది మేము. ఎవరింట్లో పెళ్ళయినా మా పెద్ద వంట గంజు ఇస్తానని ఆయనే ఒప్పుకుంటాడు. దాన్ని తోమి ఇచ్చేది, తిరిగొచ్చాక మళ్ళీ తోముకునేది అమ్మ. ఎవరి నీళ్ళ మోటారో కాలిపోతే "నా బిడ్డ ఇంజనీరింగు సదువుతున్నది, సూస్తది" అంటాడు. నేను చదివేది ఎలక్ట్రానిక్స్ అని, మోటార్లు కాదని ఎన్నిసార్లు చెప్పినా "కరెంటు కరెంటే గదనే" అని కొట్టిపారేస్తాడు. అలాంటి మనిషి సమ్మె శిబిరం నడిమధ్యలో నిలబడి ఒక మాట ఇచ్చాడు. దానివల్ల నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

భూపాలపల్లిలో మేముండేది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. బాపు మొదట గనిలోనే పనిచేశాడు. పైకప్పు పెళ్ళ విరిగి భుజం మీద పడ్డాక, బరువు పనులకు పనికిరాడని లాంపు రూములో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే దీపం ఒకటి ఉంటుంది. దానికో నంబరు. అదే నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఆ మనిషి దగ్గర ఉంటుంది. బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుని దిగాలి, ఎక్కి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకోవాలి. కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే దాని మనిషి ఇంకా నేల కిందే ఉన్నాడని అర్థం. షిఫ్టు అయిపోయినా ఒక్క బిళ్ళ మిగిలితే బాపు ఇంటికి వచ్చేవాడు కాదు. అన్నం చల్లారిపోయేది. వచ్చాక అమ్మ తిట్టేది, ఆయన తలవంచుకుని తినేవాడు.

చిన్నప్పుడు నాకూ ఒక బిళ్ళ కావాలని కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ ఏడ్చేదాన్ని. "ఆడపిల్లలకు బిళ్ళ ఉండది బిడ్డా, మీరు బాయి దిగరు గద" అనేవాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, అప్పటి రూలే అది. అయినా నా కోపం పోలేదు. నా కోపాలు తొందరగా పోయే రకం కాదు.

నేను చెప్పేది రాష్ట్రం కోసం అందరూ ఒక్కసారే పనులు ఆపేసిన ఏడాది సంగతి. బస్సులు డిపోలు దాటలేదు, బడులు తెరవలేదు, మా బాయిలో తట్టెడు బొగ్గు పైకి రాలేదు. కాలేజీ మూసేస్తే అందరం హాస్టల్ ఖాళీ చేశాం. నా గదిలో ఉండే పిల్లది జనగామ. దేవరుప్పుల వైపు భూములున్న ఇల్లు వాళ్ళది. వాళ్ళన్న ఎంతో ముచ్చటపడి తెప్పించుకున్న, టీవీకి తగిలించే ఆటల డబ్బా ఒకటి కరెంటు హెచ్చుతగ్గులకు మాడి మసైపోయింది. రెండు కంట్రోలర్లు మాత్రం బతికాయి. వాటిని హాస్టల్లో తన పెట్టె అడుగున పడేసి ఉంచింది. వెళ్ళేరోజు తీసి నా ఒళ్ళో వేసింది.

"మా అన్నకు గివి సూస్తే ఏడుపొస్తదంట. ఇంటికి తెస్తే సంపుత అన్నడు. నువ్ తీస్కపో."

అలా అవి మా ఇంటికి వచ్చాయి. కంట్రోలర్ అంటే రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్ళతో మీటలు నొక్కుతూ ఆట ఆడించే వస్తువు. నా పాత కంప్యూటర్‌కి తీగతో తగిలిస్తే పనిచేశాయి. ఇక చదువు లేదు, పరీక్ష లేదు. కరెంటు ఉన్నంతసేపూ క్రికెట్ ఆట ఆడుతూ కూచున్నాను. సాయంత్రం కాగానే రెండింటినీ ఛార్జింగు పెట్టేదాన్ని. సమ్మెలో ఉన్న బాపు శిబిరం నుంచి వచ్చి ఆ వెలిగి ఆరే ఎర్ర దీపాలను తృప్తిగా చూసేవాడు. డ్యూటీ లేక చేతులు గులపెడుతున్న మనిషికి అవి లాంపు రూములా కనిపించాయేమో!

మెయిన్ రోడ్డు మీద షామియానా వేసి శిబిరం నడిపేవాళ్ళు. రోజుకొక వృత్తివాళ్ళు వచ్చి తమ పని రోడ్డు మీదే చేసి చూపించడం అప్పుడు ఆచారమైపోయింది. మంగలి అన్నలు నడిరోడ్డు మీద కుర్చీలు వేసి గడ్డాలు గీశారు. దర్జీలు మిషన్లు తెచ్చి జెండాలు కుట్టారు. పంతుళ్ళు తారు మీద సుద్దముక్కతో లెక్కలు చెప్పారు. ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టి వండి అక్కడే బంతులు తీర్చారు. తర్వాత బాయి సెక్షన్ల వంతు వచ్చింది. పైకప్పుకు దుంగలు నిలబెట్టేవాళ్ళు వచ్చి రోడ్డు మీద దుంగలు నిలబెట్టారు. తాడుతో బొగ్గుబండ్లు లాగే హాలేజీ వాళ్ళు మోకులు తెచ్చి లారీనే లాగి చూపించారు. జనం ఈలలు వేశారు.

ఆ ఊపులో హాలేజీ అన్న ఒకడు, మా ఎదురు క్వార్టరులోనే ఉంటాడు, మీసం దువ్వుకుంటూ అన్నాడట. "ఇగ లాంపు రూమోళ్ళు మిగిలిండ్రు. నీడపట్టు నౌకరి. వాళ్ళేం సూపిస్తరు, గుడ్డతోని దీపాలు తుడుస్తరా?"

శిబిరమంతా నవ్వింది. ఆ అన్న, బాపు ఒకప్పుడు ఒకే జట్టుగా గనిలోకి దిగినవాళ్ళు. దెబ్బ తగిలి పైకి వచ్చినప్పటి నుంచి "నీడపట్టు నౌకరి" అనే మాట బాపుకు ముల్లు. కింద పనిచేసినన్నాళ్ళూ వాళ్ళలో ఒకడు, పైకి రాగానే ఎవడూ కాడు. అందుకే లేచి నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం మాది. నా బిడ్డ కంప్యూటర్ల క్రికెట్ ఆడిపిస్తది. గీ రోడ్డు మీదనే. మీరందరు ఆడొచ్చు."

శిబిరం పెద్ద ఒక రిటైరైన పంతులుగారు. "మంచిదే గని తీగలు గిట్ల అడ్డం పరిస్తే ఒప్పుకోను. మొన్న మైకు తీగ తట్టుకోని ముసలవ్వ వడ్డది" అన్నారు.

"తీగేంది సార్? తీగ లేకుండనే ఆడిపిస్తది!"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సంగతి బాపు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ తీరిగ్గా చెప్పాడు. అది బుధవారం సాయంత్రం. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"తీగ లేకుంటే నడవది బాపూ! ఎవరినడిగి చెప్పినవ్?"

"మల్ల రోజు ఛార్జింగు ఎందుకు వెడ్తున్నవే? మా దీపానికి ఛార్జింగు వెడ్తె షిఫ్టంత తీగ లేకుండ బాయంత తిరుగుతది. గిది తిరగదా?"

లాంపు రూములో పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. అందులో సగం నిజం కూడా ఉంది. కంట్రోలర్లలో బ్యాటరీ ఉంది, బ్లూటూత్ ఉంది, తీగ లేకుండా మాట్లాడటానికే వాటిని చేశారు. వినే చెవి నా కంప్యూటర్‌కి లేదు. ఆ చెవి బొటనవేలంత ఉంటుంది, అంగట్లో దొరుకుతుంది. కానీ అంగళ్ళు లేవు, కొరియర్లు లేవు, హన్మకొండ పోదామంటే బస్సు లేదు.

"చాతకాదని రేపే పోయి చెప్పు" అన్నాను.

బాపు మెట్ల మీద కూచుని బీడీ ముట్టించాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి మెల్లగా చెప్పింది. "నీడపట్టు నౌకరి అన్నరట. అందరు నవ్విండ్రట." అప్పటిదాకా బాపు మీద ఉన్న కోపం లేచి రోడ్డు దాటి ఎదురు క్వార్టరు మీదికి పోయింది. ఆదివారం ఆట నడవకపోతే బాపు ఇక ఆ శిబిరంలో కూచోలేడు. ఆ తర్వాత సమ్మె ముగిసి బాయికి పోయినా, బిళ్ళ ఇచ్చే ప్రతివాడూ కౌంటరు ముందు నిలబడి ఒక నవ్వు నవ్వి పోతాడు. ఆయన పదవీ విరమణ దాకా ఆ నవ్వు చావదు. అది నాకు కళ్ళముందు కనిపించింది.

మానుకోటలో మా మేనమామ ఉన్నాడు. మహబూబాబాద్ అని కాగితాల మీద రాస్తారు గానీ మాకు అది మానుకోటే. స్టేషను దగ్గర చిన్న డబ్బాకొట్టులో ఫోన్లు, కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. ల్యాప్‌టాప్‌ల కడుపులో గోరంత బ్లూటూత్ బోర్డు ఒకటి విడిగా ఉంటుందని, దానికి మామూలు యూఎస్‌బీ తీగ అతికితే ఏ కంప్యూటర్‌కైనా చెవి మొలుస్తుందని ఇంటర్నెట్‌లో ఎప్పుడో చదివాను. వెంటనే ఫోన్ చేశాను.

"మామా, చచ్చిపోయిన ల్యాప్‌టాప్ ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది కోడలా, నీళ్ళల్ల వడ్డది ఒకటి. గా బోర్డు బతికే ఉన్నట్టున్నది. తీసిస్త గని ఎట్ల పంపాలె? రైలు లేదు, బస్సు లేదు."

దారి ఆయనే వెతికాడు. ఆ రోజుల్లో ఊరూరా శిబిరం ఉంది, ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి బండ్ల మీద మనుషులు కబుర్లు మోసేవాళ్ళు. మానుకోట నుంచి నర్సంపేట, నర్సంపేట నుంచి ములుగు, ములుగు నుంచి మా ఊరు. పాలకు, మందులకు ఎవరూ అడ్డం చెప్పేవాళ్ళు కాదు. అందుకని మామ ఆ బోర్డును సిగరెట్ ప్యాకెట్లోని వెండికాగితంలో చుట్టి, మందుల పెట్టెలో పెట్టి, పైన ఎర్ర సిరాతో "గుండె మందులు, అర్జెంటు, తడవనీయొద్దు" అని రాశాడు. చేసింది తప్పే. కానీ అది నాకు తెలిసేసరికే పెట్టె నర్సంపేట దాటింది.

శుక్రవారం మధ్యాహ్నం మా గేటు ముందు మోటారుసైకిలు ఆగింది. చెమటతో తడిసి ముద్దయిన ఒక ములుగు అన్న పెట్టెను రెండు చేతులతో ఇచ్చాడు. "పేషెంటు ఎట్లున్నడు?" అని అడిగాడు. అమ్మ బిత్తరపోయి బాపు వైపు చూసింది, బాపు నా వైపు చూశాడు. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెట్టె విప్పి చూపించాను. గోరంత పచ్చ బోర్డు.

"గీ బిళ్ళముక్క కోసమా నేను ఎండల ఉరికొచ్చింది?" అని ఆయన గట్టిగానే కోప్పడ్డాడు. బాపు ఆయన్ని కూచోబెట్టి మంచినీళ్ళిచ్చి, జరిగింది మొదటి నుంచి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన అంతా విని చాయ్ తాగాడు. "ఆదివారం నేను గుడ వస్త. నడవకపోతే అప్పుడు చెప్త మీ సంగతి" అని లేచాడు. బెదిరించేవాళ్ళ జాబితాలో ఇంకొకరు చేరారు.

పెట్టెలో మామ చీటీ ఉంది. "గిది ఒక్కటే ఉన్నది. కంప్యూటర్ ఐదు వోల్టులు ఇస్తది, దీనికి మూడు మీద కొంచెం సాలు. ఐదు సూపిస్తివా, సచ్చినట్టే. జర పైలం." బోర్డు మీద ఏ తీగ ఎక్కడో స్కెచ్ పెన్నుతో చుక్కలు కూడా పెట్టాడు.

తీగలు అతికే సోల్డరింగు గన్ను బయటికి తీశాను. ప్లగ్గు పెట్టాను. కరెంటు పోయింది.

అది మామూలుగా పోయిన కరెంటు కాదు. బాయిల్లో బొగ్గు తవ్వడం ఆగిపోయింది కాబట్టి కరెంటు తయారుకావడం తగ్గింది, కాబట్టి రోజంతా కోతలు. అంటే నా గన్ను చల్లగా పడి ఉండటానికి కారణం నా ఎదురుగా బనీనుతో కూచుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"నువ్వు బొగ్గు తియ్యకపాయె, నాకు కరెంటు రాకపాయె. ఇగ నీ మాట ఎట్ల నిలవెట్టాలె?" అన్నాను.

బాపుకు రోషం వచ్చింది. "కరెంటు లేకుంటే ఏంది, ఇంట్ల బొగ్గు లేదా?" అని లేచి, మంచం కింది రేకుపెట్టె బయటికి లాగాడు. లాంపు రూములో చేరిన కొత్తలో వాడిన రాగి కడ్డీ అందులో ఉంది. నిప్పుల్లో కాల్చి సీసం అతికే కడ్డీ. దాని ముక్కును ఆకురాయితో సూదిలా అరగదీశాడు. పెరట్లో బొగ్గు పొయ్యి మీద అమ్మ పప్పు గిన్నె ఉంటే దించేయమన్నాడు. అమ్మ ఏమందో ఇక్కడ రాయను.

ఐదు వోల్టులను తగ్గించే ఉపాయం కూడా ఆ పెట్టెలోనే దొరికింది. పాడైపోయి పారేసిన దీపాల ఛార్జరులోంచి రెండు డయోడ్లు తీశాడు. కరెంటు వాటిలోంచి దాటినప్పుడల్లా కొంచెం వోల్టేజీ మింగుతాయి. రెండింటిని వరసగా పెడితే మూడున్నర మిగులుతుంది. మూడోది పెడితే మరీ తగ్గిపోతుంది. నేను కాగితం మీద లెక్క వేసేలోపు ఆయన నోటితోనే చెప్పేశాడు. లెక్క కలిసినందుకు సంతోషించాలో, నాలుగేళ్ళ చదువుకు సిగ్గుపడాలో తెలియలేదు.

నాలుగు తీగలు, ఒక్కొక్కటి వెంట్రుకంత. నేను పట్టకారుతో పట్టుకున్నాను. బాపు కడ్డీని నిప్పుల్లోంచి తీసి, తడి గోనెపట్టకు తుడిచి, చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసి, చుక్క మీద అలా ఆనించి ఇలా తీసేవాడు. దెబ్బతిన్న భుజం పైకి లేవదు గానీ ఆ చెయ్యి రవ్వంత కూడా వణకలేదు. అతుకు పేస్టు కాలిన వాసన, పక్కన పప్పు వాసన. ఆయన పనిచేస్తుంటే నేను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. బాయిలోకి ఎప్పుడూ రానివ్వలేదు కదా, ఎట్లా చూస్తాను? నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ మాట పైకి అంటే నెత్తికెక్కుతాడని ఊరుకున్నాను.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ముందు మీటరు పెట్టి చూశాం, మూడున్నర. తీగను కంప్యూటర్‌కి గుచ్చాను. "ఈ వస్తువు ఏమిటో తెలియడం లేదు" అన్నట్టు ఒక సందేశం వచ్చింది. పట్టకారు విసిరికొట్టాను. ఉన్న ఒక్క బోర్డునూ చంపేశామనుకుని ఏడ్చేశాను కూడా.

బాపు పట్టకారు వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బాయిల మోటరు ఉల్టా తిరిగితే ఏం జేస్తరో ఎర్కేనా? రెండు తీగలు అటుది ఇటు, ఇటుది అటు మారుస్తరు. గంతే."

సమాచారం మోసే పచ్చ తీగ, తెల్ల తీగ మార్చాం. టింగుమని మోగింది. బ్లూటూత్ గుర్తు కింద మూలలో వచ్చి కూచుంది. నా ఫోను పేరు తెర మీద కనబడింది. నేను, అమ్మ ఒకరి చేతులొకరం పట్టుకుని గిరగిరా తిరిగాం.

ఇల్లలకగానే పండగ కాదు. ఫోను కనబడింది గానీ కంట్రోలర్ కనబడలేదు. దాని మధ్య మీట నొక్కితే నాలుగు దీపాలూ కాసేపు కొట్టుకుని ఆరిపోయేవి. ఒకటికి పదిసార్లు నొక్కాను. ప్రోగ్రాములు తీసేసి మళ్ళీ ఎక్కించాను. శనివారం కరెంటు ఉన్నప్పుడల్లా అదే పని. పదకొండింటికి ఎదురు క్వార్టరు మీసాల అన్న కిటికీ దగ్గర ఆగి తొంగిచూశాడు.

"ఏందిరా బిడ్డా, దీపాలు ఎలిగినయా?"

"మీరు రేపు ఓడిపోనీకి తయారై రార్రి అన్నా" అన్నాను. నా నోటికి ఎప్పుడూ తొందరే. బాపు కూతుర్నే కదా!

మధ్యాహ్నం బాపు శిబిరం నుంచి వచ్చి నా పక్కన స్టూలు వేసుకున్నాడు. ఆరిపోయే దీపాలను చాలాసేపు చూశాడు. అప్పుడు అడగడం మొదలుపెట్టాడు.

"గిది ఇంతకుముందు ఏడ పని జేసింది?"

"జనగామల. ఒక డబ్బా ఉండె, దానితోని."

"ఆ డబ్బ సచ్చిపాయె. మల్ల దీని బిళ్ళ ఏడ ఉన్నట్టు?"

"దీనికి బిళ్ళ ఏంది బాపూ?"

"వేరే బాయి నుంచి మనిషి బదిలీ అయి వస్తడు. పాత నంబరు వట్టుకోని మా కౌంటరు కాడ నిలవడి పొద్దంత అరిస్తే దీపం వస్తదా? ఆ బాయి నంబరు కొట్టేసి ఈ బాయి నంబరు ఎక్కియ్యాలె. గప్పుడే దీపం. నువ్ మనిషిని తెచ్చినవ్ గని నంబరు మార్చినవా?"

దెబ్బకు నాకు వెలిగింది. కంట్రోలర్ కడుపులో ఆ చచ్చిపోయిన డబ్బా చిరునామా రాసి ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ అది జనగామ డబ్బానే పిలుస్తోంది. పక్కనే కూచున్న నా బోర్డును అది పిలవనే లేదు. తీగ పెట్టి ఆ చిరునామా కొట్టేసి కొత్తది రాసే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉందని ఎవరో విదేశీ కుర్రాడు రాసింది చదివాను కూడా. నాకెందుకులే అని పేజీ తిప్పేశాను. పుస్తకాల్లో ఉన్నది నాకు తెలియలేదు, లాంపు రూములో ఉన్నది ఆయనకు తెలిసింది.

మూడింటికి మళ్ళీ కోత. అప్పటికి ఇరవై నిమిషాలే ఉంది. డేటా కార్డు నెట్టు నత్తలా నడుస్తోంది. ప్రోగ్రాము దిగేసరికి పావుగంట అయిపోయింది. కంట్రోలర్‌కి తీగ పెట్టాను, మా బోర్డు చిరునామా రాశాను, తీగ పీకేశాను, మీట నొక్కాను. నాలుగు దీపాలు కొట్టుకున్నాయి. మూడు ఆరిపోయాయి. మొదటిది ఆరలేదు, నిలబడి వెలిగింది.

రెండోదానికీ అలాగే చేశాను. దానికి రెండో దీపం నిలిచింది. కంట్రోలర్ పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తాను. అక్కడి నుంచి నల్లా దగ్గరికి. లోపల తెర ముందు అమ్మను నిలబెట్టి, నల్లా దగ్గర మీట నొక్కాను.

"కొట్టిండు!" అని అమ్మ కేక. "మల్లొకటి కొట్టిండు! ఉరుకుతున్నడు!"

అంతలో కరెంటు పోయింది. పోతే పోయింది. వాకిట్లో నేను ఎగురుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున కాలనీ క్లబ్బులోని పెద్ద టీవీ, నా కంప్యూటర్ తోపుడు బండి మీద రోడ్డెక్కాయి. మైకు సెట్టు అన్న జనరేటరు ఇచ్చాడు. మా బోర్డును అమ్మ సున్నం డబ్బీలో పెట్టాం. ప్లాస్టిక్ డబ్బీ కాబట్టి బ్లూటూత్‌కు అడ్డం రాదు. ఆటగాళ్ళకు రోడ్డుకు అవతలి అంచున రెండు కుర్చీలు వేశారు. మధ్యలో తారు మీద జనం. పిల్లలు, ముసలవ్వలు, డ్యూటీ బట్టలేసుకుని వచ్చిన బాయి మనుషులు. ముందు వరసలో ములుగు అన్న, భార్యాపిల్లలతో సహా.

బాపు ఒక చెక్కకు మేకులు కొట్టి తెచ్చుకున్నాడు. అట్టముక్కల మీద నంబర్లు రాసి వచ్చినవాళ్ళకు పంచాడు. ఆట ఆడాలంటే అట్టముక్క ఇచ్చి కంట్రోలర్ తీసుకోవాలి. ఆట అయ్యాక కంట్రోలర్ ఇచ్చి అట్టముక్క తీసుకోవాలి. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే వరసలో నిలబడ్డారు. బతుకంతా అలా నిలబడినవాళ్ళే కదా.

మొదటి ఆట మొదలైంది. రెండు బంతులు బాగానే పడ్డాయి. ఉత్సాహం ఆగక జనం లేచి నిలబడ్డారు. తెర మీద బ్యాటు పట్టుకున్నవాడు కొయ్యలా బిగుసుకుపోయాడు. ఎంత నొక్కినా కదలడు. మీసాల అన్న గొంతు సవరించుకోవడం వినబడింది.

సంగతి నాకు అర్థమైంది. మధ్యలో ఇన్ని ఒళ్ళు అడ్డం నిలబడితే బ్లూటూత్ దాటలేదు. కూర్చోండని నేను అరుస్తున్నాను, ఎవరూ వినడం లేదు. ఎక్కడ తెగిందని బాపు అడిగాడు. డబ్బీకి, కుర్చీలకు మధ్య మనుషులు అడ్డం వచ్చారని చెప్పాను.

"దీపం నడుముకు కట్టుకుంటరానే ఎవలన్న? నెత్తిన ఉండాలె" అని, పెద్ద స్టూలెక్కి, లేవని భుజాన్ని లెక్కచేయకుండా రెండో చేత్తో సున్నం డబ్బీని బండి పక్కనున్న షామియానా గుంజ పైకొసకు కట్టాడు. యూఎస్‌బీ తీగ అక్కడిదాకా సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు డబ్బీ అందరి తలల మీద ఉంది. కుర్చీల్లోని ఇద్దరినీ కంట్రోలర్లు పైకెత్తి పట్టుకోమన్నాను.

బ్యాటు తిరిగింది. బంతి గీత దాటింది. రోడ్డంతా ఒక్కసారి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ తర్వాత ఆగలేదు. పంతులుగారు ఆడారు, దర్జీలు ఆడారు, ముసలవ్వ ఒకామె ఏ మీట ఏదో అడగకుండానే నాలుగు పరుగులు కొట్టింది. మీసాల అన్న వంతు వచ్చినప్పుడు బౌలింగుకు ఎవరని అడిగితే బాపు మేకుల చెక్క నాకప్పగించి వెళ్ళి కూచున్నాడు. మొదటి బంతి అన్న కొట్టాడు. రెండోది తప్పింది. మూడోదానికి వికెట్లు ఎగిరిపోయాయి.

"ఇంకొక్కసారి" అన్నాడు అన్న.

"నంబరు తీస్కోని వరుసల నిలవడు. ఎనక మంది ఉన్నరు" అన్నాడు బాపు, అచ్చం కౌంటరులో కూచున్నట్టే.

అన్న లేచి నిలబడి, గుంజకు కట్టిన సున్నం డబ్బీని తలెత్తి చూశాడు. "తాడు తీసేస్తే మా హాలేజీ బండి అంగుళం కదలదు. గీ లాంపు రూమోళ్ళు తీగ లేకుండనే ఆడిపిచ్చిరి పో" అని అందరూ వినేలా అని, వెళ్ళి వరస చివర నిలబడ్డాడు. బాపు చెవుల దాకా నవ్వు పాకింది. నేను ఆ డబ్బీ కోసం పడ్డ పాట్లన్నీ ఆ నవ్వుతో చెల్లిపోయాయి. ములుగు అన్న ఆడి వెళ్తూ వెళ్తూ నా నెత్తిన చెయ్యి పెట్టి, "పేషెంటు మంచిగున్నడు తియ్యి" అన్నాడు.

పొద్దు వాలాక జనరేటరు ఆపారు. జనం పలచబడ్డారు. మేకుల చెక్క మీద అట్టముక్కలన్నీ తిరిగి వెళ్ళిపోయాయి. అయినా బాపు కదలడం లేదు. దగ్గరికెళ్ళి చూస్తే చివరి మేకుకు ఇంకొకటి వేలాడుతోంది. అట్టముక్క కాదు. గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా చేసిన రేకు బిళ్ళ. మీద మేకుతో చెక్కిన నంబరు. మా బాయిలో మొత్తం ఎన్ని దీపాలో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇది వాటి తర్వాతి నంబరు.

"గిదెవరిది బాపూ?"

"నీదే. సామాను అప్పజెప్పి తీస్కో."

గుంజ మీంచి విప్పి తెచ్చిన సున్నం డబ్బీని ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దెబ్బ తగల్లేదని చూసుకుని, అప్పుడు మేకు మీంచి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటి నుంచి దాచుకున్న కోపం ఇక వెతికినా దొరకలేదు.

ఇద్దరం తోపుడు బండి నెట్టుకుంటూ ఇల్లు చేరేసరికి అన్నం చల్లారిపోయింది. అమ్మ ఆయన్ని తిట్టినట్టే నన్నూ కలిపి తిట్టింది. ఇద్దరం తలవంచుకుని తిన్నాం.